మునెమ్మ చెవి గుర్తు

పుంగనూరు

మదనపల్లె కుక్కల సంఘం ప్రెసిడెంటు గారికి,

కొండప్ప నమస్కరించి రాయడమేమంటే, ఇక్కడ నేను ఉన్నాను. క్షేమం అని రాయడం ఆనవాయితీ గానీ, ఈ ఏడాది ఆ మాట రాయబుద్ధి కావడం లేదు. తమరైనా క్షేమంగా ఉండాలి.

పోయిన వారం మీ మనిషి టమోటా వ్యాను వేసుకొని మా వీధికి వచ్చి, మా మునెమ్మ మీద వల వేసి పట్టి, వ్యానులో పడేసుకొని పోయాడు. ఆ పొద్దు నేను సంతకు పోయి ఉన్నాను. పక్కింటి నీరజ చూసి, "యాల పట్టుకోని పోతాండావప్పా?" అని అడిగితే, "ఆపరేషన్ చేసి మళ్లా ఈడనే ఇడిసిపెడతామమ్మా" అన్నాడట. మాట తప్పలేదు, తెచ్చి విడిచిపెట్టాడు. కానీ ఎడమ చెవి కొన కోసి మరీ తెచ్చాడు.

ఆపరేషన్ అంటే నాకు తెలియనిది కాదు. మా ఇంటామె సుభద్రమ్మకు మూడో కాన్పు తర్వాత సర్కారు ఆసుపత్రిలో అదే ఆపరేషన్ చేశారు. ఆమె చెవులు కమ్మలతో సహా ఇంటికి తిరిగొచ్చాయి.

నేను గొర్రెలు మేపి బతికినవాణ్ణి. కురబలకోట నుంచి పెద్దమండ్యం దాకా ఏ మంద ఎదురొచ్చినా చెవి చూసి ఎవరిదో చెప్పేస్తాం. చెవి ఎవరు కోస్తే జీవం వాళ్లది. పరాయి గుర్తున్నదాన్ని వాకిట్లో పెట్టుకొని మేపేవాణ్ణి మాలో దొంగ అంటారు. ఈ వయసులో నాకు ఆ పేరు వద్దు. కాబట్టి మీ సొత్తును మీరు తీసుకుపోతారో, ఏం చేస్తారో తేల్చండి.

సుభద్రమ్మ పోయిన ఏడాది కాలం చేసింది. మునెమ్మ ఆమె చేతి సంగటి తిని పెరిగింది. ఇప్పుడు ఆ పని నా మీద పడింది. గుర్తు చూసినప్పటి నుంచి ముద్ద పెట్టాలా మానాలా అని పొయ్యి ముందర కూర్చొని ఆలోచిస్తున్నాను. ఆలోచన తెగేలోపల సంగటి ఉడికిపోతోంది. పెట్టేస్తున్నాను. ఇట్లా ఎన్నాళ్లు?

ఇట్లు,
కొండప్ప,
గొర్రెల పెంపకందార్ల సంఘం మాజీ ప్రెసిడెంటు.

తా.క.: ఫోన్ చేయవద్దు. నాకు చెవులు రెండూ ఉన్నాయి గానీ పని చేయవు.

ఇంకో తా.క.: మునెమ్మ కుక్క. పైన రాయడం మరిచాను.

*

మదనపల్లె

పెద్దలు కొండప్ప గారికి ఫిర్దౌస్ సలాములు.

మీ ఉత్తరం మా షాపులో గట్టిగా చదివాను. వ్యాను తోలిన ధనుంజయ అన్న వింటూ వింటూ కింద కూర్చుండిపోయాడు. "నేను ఏ ఆడమనిసినీ పట్టకరాలేదు ఫిర్దౌసూ, నువ్వే సాచ్చం" అని ఒకటే ఏడుపు. మీ రెండో తా.క. దాకా వచ్చాక గానీ లేవలేదు. ఇకమీదట అలాంటివి ముందు రాయండప్పా.

మా సంఘానికి ప్రెసిడెంటు లేడు. నేను చీరలకు మ్యాచింగ్ జాకెట్ గుడ్డలు అమ్ముకుంటాను. ధనుంజయ అన్న మార్కెట్టుకు టమోటాలు తోలతాడు, ఖాళీ అయ్యాక అదే వ్యానులో కుక్కల్ని తోలతాడు. ఆపరేషన్లు చేసే డాక్టరు గారు ఉచితంగా చేస్తారు, తిట్లు కూడా ఉచితమే. మా అమ్మ చాంద్ బీ, నేను కుక్కల్ని ముట్టుకొని వస్తే బట్టలు మార్చందే గడప తొక్కనివ్వదు. అయినా చికెన్ అంగళ్లు తిరిగి మెడలూ కాళ్లూ అడుక్కొచ్చి సంచిలో పెట్టేది ఆమే.

చెవి సంగతి. అది ఎవరి సొత్తు అని చెప్పే గుర్తు కాదు. ఆపరేషన్ అయింది, పిచ్చి కుక్క సూది కూడా వేశాం అని చెప్పే గుర్తు. అది లేకపోతే ఇంకో ఊరివాళ్లు మళ్లీ పట్టి, మళ్లీ కడుపు కోసి, "అయ్యో, దీనికి అయిపోయిందే" అనుకోవాలి. మదనపల్లెలో చేసినా కుప్పంలో చేసినా ఇదే గుర్తు. మత్తులో ఉండగానే కోస్తారు, నొప్పి తెలీదు. మునెమ్మ మాది కాదు, మీ వీధిది. మీరు సంగటి పెడుతున్నందుకు మేమే మీకు దండం పెట్టాలి.

ఈ వారం మా షట్టరు ముందు ఎవరో టమోటా క్రేటులో కళ్లు తెరవని పిల్లల్ని వదిలిపోయారు. ఒక్కటే మిగిలింది. అది కూడా ఉంటుందో లేదో. అందుకే ఉత్తరం ఆలస్యమైంది.

మీ బిడ్డలాంటిది,
ఫిర్దౌస్.

తా.క.: ఆ మిగిలిన పిల్లకు ధనుంజయ అన్న "ప్రెసిడెంటు" అని పేరు పెట్టాడు. మీరు ఏమీ అనుకోవద్దు.

*

పుంగనూరు

ప్రెసిడెంటు ఫిర్దౌసమ్మకు,

ఆశీర్వాదం. ప్రెసిడెంటు లేని సంఘం ఉండదు. నువ్వే అనుకొని రాస్తున్నాను.

మునెమ్మ వీధిది అన్నావు. వీధిని అడిగాను. వీధి ఒప్పుకోలేదు.

నీరజను అడిగితే "నాది కాదు, దేవుడి తోడు" అని నా చెవిలో అరిచింది. మటన్ కొట్టు జహీరును అడిగితే "నాకుండేటియే సాలప్పా, దీన్ని నా నెత్తిన పెట్టొద్దు" అన్నాడు. అందరినీ కూర్చోబెట్టి చెవి చూపించి, మందల్లో పద్ధతి ఇదీ అని చెప్పాను. మాజీ ప్రెసిడెంటును కదా, నేను చెప్తే నమ్ముతారు. అది మదనపల్లె వాళ్లదే అని అందరూ ఒక్క మాట మీదికి వచ్చారు. అప్పటి నుంచి జహీరు ఎముక వేయడం మానేశాడు. "పరాయోళ్ల సొత్తుకు మనకెందుకప్పా" అంటున్నాడు. నీరజ కోడి ఒకటి కనపడకపోతే, "మదనపల్లె సంఘం వాళ్లనే అడగాల" అని మీ అడ్రసు నా దగ్గర రాయించుకుంది. ఆమె ఉత్తరం కూడా వస్తుంది.

నేను న్యాయం చెప్పబోతే మునెమ్మ నోటికాడి కూడు పోయింది. ఇప్పుడు వీధిలో దానికి పెట్టేది నేనొక్కణ్ణే. నేనూ దొంగచాటుగా, వెనక వాకిట్లో పెడుతున్నాను.

ఊరూరా ఒకే గుర్తు అని రాశావు. అంత పెద్ద మంద ఉన్న ఆసామిని నేను మా నాయన కాలంలో కూడా చూడలేదు. అన్ని ఉన్నవాళ్లకు ఒకటి ఎక్కువైతే ఏమి, తక్కువైతే ఏమి? ఏదో ఒకటి తేల్చమ్మా. వచ్చి తీసుకుపోతావా, సరే. రాకపోతే నా పద్ధతిలో నేను చూసుకుంటాను. కత్తి నూరి పెట్టాను. వచ్చే సంత అయినాక కుడి చెవి పని పూర్తి చేస్తాను.

ఇట్లు,
కొండప్ప.

తా.క.: మత్తు లేకుండా ఎట్లా కొయ్యాలో నాకు బాగా తెలుసు. దిగులుపడవద్దు.

*

మదనపల్లె

కొండప్ప గారికి,

ముందు ఆ కత్తి లోపల పెట్టండి. మీకు దండం పెడతాను.

పెద్దవారు, ఇంటామెను పోగొట్టుకొని బాధలో ఉన్నారు, నాకు తెలుసు. కానీ మా మీద కోపం నోరులేనిదాని చెవి మీద తీర్చుకోవడం న్యాయమా? అలా చేస్తే పోలీసు కేసు అవుతుంది. మీలాంటి పెద్దమనిషి మీద కేసు పెట్టడం మాకు ఇష్టం లేదు. దిగులుపడవద్దు అని మీరు రాసిన దగ్గర నుంచి నాకు అన్నం దిగడం లేదు.

మునెమ్మను తీసుకుపొమ్మని మీరు రెండు ఉత్తరాల్లోనూ రాశారు. సరే, తీసుకుపోతాం. కుప్పంలో హేమలత అనే టీచరమ్మ ఉంది. కాంపౌండు గోడ ఉన్న ఇల్లు, కుక్కలంటే ప్రాణం. ఆమె పెంచుకుంటానంది. ఈ ఉత్తరం తీసుకొని ధనుంజయ అన్నే వస్తున్నాడు. మీకు వినబడదు కాబట్టి చదివి, దయచేసి మునెమ్మను అతనికి ఇవ్వండి. వీధిలో గొడవ వద్దు.

నమస్కారాలతో,
ఫిర్దౌస్.

తా.క.: నీరజమ్మ ఉత్తరం అందింది. ఆమె కోడి వర్ణన చదివి మా అమ్మ కూడా కన్నీళ్లు పెట్టుకుంది. కోడిని మునెమ్మే తిన్నదనడానికి రుజువు లేదు.

*

పుంగనూరు

ఫిర్దౌసమ్మకు,

నీ మనిషి వచ్చాడు. ఉత్తరం చదివాను. మునెమ్మ కొత్తవాళ్లకు లొంగదు కాబట్టి నేనే ఎత్తి వ్యానులో కూర్చోబెట్టాను. గుర్తు ఉన్నవాళ్లు వచ్చి అడిగితే ఇవ్వకుండా ఉండడం మాలో లేదు.

నీరజ కోడి దొరికింది. గడ్డివాములో పొదుగుతోంది.

ఇంతకు మించి రాసేది ఏమీ లేదు.

ఇట్లు,
కొండప్ప.

తా.క.: సంగటి వేడిగా పెడితే తినదు. చల్లారేదాకా దాని పక్కన ఎవరో ఒకరు కూర్చోవాల. సుభద్రమ్మ కూర్చునేది.

ఇంకో తా.క.: ఉరిమితే మంచం కిందికి దూరుతుంది. టీచరమ్మ ఇంట్లో మంచాలు ఎత్తుగా ఉంటాయో లేదో కనుక్కో.

మళ్లీ తా.క.: కేసు అని రాశావు. చదువుకున్నదానివి, నీకు ఎవరూ చెప్పినట్టు లేదు. మందల్లో ఒకరి జీవం ఇంకొకరి దగ్గర ఉండిపోవాలంటే, మొదటివాళ్లు సరే అనాల, రెండోవాళ్లు రెండో చెవికి తమ గుర్తు పెట్టుకోవాల. అప్పటి నుంచి దాన్ని ఎవరూ అడగరు. కుడి చెవి కొన మీద గోరంత గాటు, అంతే. మా గుర్తు అది. మా మంద అమ్మేశాక ఆ కత్తి బయటికి తీయలేదు. మునెమ్మ కోసం తీశాను. కడిగి మళ్లీ దూలంలో పెట్టేశాను.

*

మదనపల్లె

కొండప్పా,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. అమ్మ చేతిలోని చికెన్ సంచి పక్కన పెట్టేసింది. తర్వాత, "ముసలాయప్ప బిడ్డను నాకియ్యండని అడిగినాడు, నువ్వు పోలీసోళ్లను పిలిస్తివి" అంది. నాకు తలెత్తబుద్ధి కావడం లేదు. మాకు ఫోన్ చేసేవాళ్లందరూ తీసుకుపొండి అనేవాళ్లేనప్పా. వీధిలో ఉండకూడదు, గేటు ముందర పడుకోకూడదు, మొరగకూడదు, ఈనకూడదు. కావాలి అని అడిగేవాళ్లు ఎలా అడుగుతారో మేము మరిచిపోయాం.

కుప్పం టీచరమ్మకు ఫోన్ చేశాను. మునెమ్మ ఏమీ తినడం లేదట. గేటు దగ్గరే కూర్చొని రోడ్డు చూస్తోందట. చల్లారిన సంగటి గురించి చెప్పాను. ఆమె సంగటి చేసి, పక్కన కూర్చొని, చల్లారబెట్టి చూసింది. అప్పుడూ తినలేదు.

ఆదివారం టమోటా లోడు దించాక ధనుంజయ అన్న కుప్పం పోయి మునెమ్మను నీ దగ్గరికి తెస్తాడు. ఇది మా సంఘం మాట: మునెమ్మ మీద మాకు ఏ హక్కూ లేదు, ఉంటే వదులుకుంటున్నాం. ప్రెసిడెంటు ఫిర్దౌస్. చూశావా, నీ కోసం ప్రెసిడెంటు కూడా అయ్యాను. ఒక్కటే కోరిక. ఆ కత్తి దూలంలోనే ఉండనీ. నీ గుర్తు చెవికి కాకుండా మెడకు పెట్టుకో. మెడకు పట్టీ కడితే చాలు, ఎవరూ అడగరు.

నీ బిడ్డ,
ఫిర్దౌస్.

తా.క.: క్రేటులో మిగిలిన పిల్ల, ప్రెసిడెంటు, నిన్న పోయింది. రాయకూడదనుకున్నాను. నీకు కాకపోతే ఎవరికి రాయాలి?

*

పుంగనూరు

బిడ్డ ఫిర్దౌసుకు,

ప్రెసిడెంటు పోయాడని తెలిసి బాధపడ్డాను. తల్లి లేని గొర్రెపిల్లలు కూడా అట్లాగే పోతాయి. ఒడిలో పెట్టుకొని పడుకున్నా పోతాయి. నీ తప్పు ఏమీ లేదు.

సుభద్రమ్మ చిలకపచ్చ చీర ఒకటి పెట్టెలో ఉంది. దాని అంచు చింపి, పట్టీ కుట్టించి పెట్టుకున్నాను. దర్జీ "కొలత యాడప్పా?" అంటే చేతులతో చూపించాను. చీర చింపినందుకు ఆమె ఏమీ అనుకోదు. అనుకున్నా ఇప్పుడు నాకు వినబడదు.

వీధికి మళ్లీ పంచాయతీ పెట్టి నీ ఉత్తరం చదివాను. మదనపల్లె వాళ్లు వదులుకున్నారు, ఇక మునెమ్మ నాది, అయినా పెట్టేవాళ్లు పెట్టవచ్చు, దొంగతనం కాదు అని తీర్పు చెప్పాను. జహీరు మంచి ఎముక దాచి పెట్టానన్నాడు. నీరజ, కోడి విషయంలో నోరు జారినందుకు, ఆదివారం తనే సంగటి చేస్తానంది. వీధిలో పిల్లా జెల్లా అందరూ వ్యాను ఎప్పుడు వస్తుందని అడుగుతున్నారు.

క్షేమం. ఇప్పుడు రాయవచ్చు అనిపించింది, రాశాను.

నాయన లాంటి,
కొండప్ప.

తా.క.: ధనుంజయకు చెప్పు, నెమ్మదిగా తోలమని. దానికి వ్యాను పడదు.

*

మదనపల్లె

నాయనా,

ఆదివారం నేనూ రావాలనుకున్నాను. అమ్మకు జ్వరం, వదిలి రాలేకపోయాను. మునెమ్మను నీ వాకిట్లో దించి వచ్చానని ధనుంజయ అన్న ఫోన్లో ఒక్క ముక్క చెప్పాడు. ఆ తర్వాత షాపుకు రాలేదు. ఒళ్లు బాగాలేదు అంటున్నాడు. ఆ దూరం తోలి అలిసిపోయి ఉంటాడు.

మాకు సంతోషం చాలా అరుదు. పట్టేది, కోసేది, కుట్టేది, విడిచేది, కొన్నిటిని పూడ్చేది, ఇదే మా పని. ఒక కుక్క తనవాళ్ల దగ్గరికి తిరిగి పోవడం నేను ఇదే మొదటిసారి చూస్తున్నాను. చూస్తున్నాను అనకూడదు, చూడలేదు కదా. నువ్వే రాయాలి. వ్యాను దిగగానే ఏం చేసింది? నిన్ను చూసి ఏం చేసింది? ఏదీ వదలకుండా రాయి. అమ్మ రోజూ అడుగుతోంది.

నీ బిడ్డ,
ఫిర్దౌస్.

తా.క.: పచ్చ పట్టీ కట్టావా? ఎలా ఉంది?

*

పుంగనూరు

బిడ్డ ఫిర్దౌసుకు,

ఆశీర్వాదం. మీ అమ్మకు జ్వరం తగ్గిందని తలుస్తాను. ఏదీ వదలకుండా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

వ్యాను వచ్చేసరికి వీధి వీధంతా వాకిళ్లలో నిలబడి ఉంది. నీరజ సంగటి చల్లారబెట్టి విసనకర్రతో ఈగలు తోలుతోంది. జహీరు ఎముక పట్టుకొని పెళ్లికొడుకు తరపువాడి మాదిరి నిలబడ్డాడు. ధనుంజయ తలుపు తీశాడు. మునెమ్మ దిగింది. అదే రంగు, అదే ఎడమ చెవి, అదే కోత. నా వైపు చూసింది, వీధి వైపు చూసింది, నేరుగా మా వాకిట్లోని రాతి స్తంభం దగ్గరికి పోయి కాలెత్తింది.

వీధంతా చూసింది. నీరజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జహీరు ఆకాశం వైపు చూశాడు. తర్వాత నీరజ నా పక్కకు వచ్చి, నాకు వినబడేటట్టు చెవిలో అరిచింది: "అప్పా, ఆపరేషన్లో ఏమన్నా తారుమారు అయిందేమో!"

పాపం ధనుంజయ రంగు చూశాడు, చెవి చూశాడు. మిగతాది చూడడానికి అతనికి మనసు లేనట్టుంది.

పట్టీ కట్టాను. మెడ లావు, అంచు సరిపోలేదు. రెండు వైపులా దారం కలిపి కట్టాను. సంగటి వేడిగానే తినేసింది. నాకు పక్కన కూర్చునే పని కూడా పెట్టలేదు. మునెమ్మ అంటే పలకలేదు. మునెప్ప అని పెట్టాను, దానికీ పలకలేదు గానీ వీధి ఒప్పుకుంది. జహీరు ఎముక ఇచ్చాడు.

దీని చెవికీ మీ గుర్తే ఉంది. ఒక గుర్తున్నవన్నీ ఒక మంద. మేపడానికి ఇచ్చినదాంట్లో ఒకటి పోతే, అదే మందలోంచి ఇంకోదాన్ని తెచ్చి నిలబెట్టడం మాలో ఉంది. ధనుంజయ గొర్రెలు మేపినవాడు కాకపోయినా పద్ధతిగానే చేశాడు. అతణ్ణి తిట్టవద్దు. ఇది నా మాట.

ఇట్లు,
నాయన కొండప్ప.

తా.క.: కుప్పంలో ఏదో ఒక వీధిలో దీనికీ సంగటి పెట్టేవాళ్లు ఉండే ఉంటారు. రేపో మాపో నీకు ఇంకో ఉత్తరం వస్తుంది. సిద్ధంగా ఉండు. వాళ్లు అడిగితే నేను ఇచ్చేస్తాను.

ఇంకో తా.క.: అందరూ లోపలికి పోయాక ధనుంజయ నా కాళ్ల దగ్గర కూర్చొని చాలాసేపు ఏదో చెప్పాడు. చేత్తో రోడ్డు చూపించాడు, లారీ అంత పెద్దగా చేతులు చాపాడు, ఏడ్చాడు. నా చెవుల సంగతి నీకు తెలుసు. ఇంకోసారి చెప్పమని అడగలేకపోయాను. "సర్లేప్పా" అని మజ్జిగ ఇచ్చి పంపాను. మునెమ్మను యాడ పూడ్చాడో అతణ్ణి మెల్లగా అడిగి రాయి. గుర్తుకు పైన రాయి పెట్టాడేమో కనుక్కో. నోటితో చెప్తే నాకు వినబడదు. రాస్తే వినబడుతుంది.